జన్యుపరిశోధనలో ఇస్లాహ్

ఉర్దూ కవిత్వంలో ‘ఇస్లాహ్’ అనే సంప్రదాయమొకటి ఉన్నది. శాగిర్దు తాను వ్రాసిన గజలును ఉస్తాదు ముందుంచుతాడు. ఉస్తాదు దానిని తిరిగి వ్రాయడు. ఒక పదం మార్చి, ఛందస్సు తప్పినచోట గీత గీచి, మరల శిష్యుని చేతికే ఇస్తాడు. మీర్జా గాలిబుకు దూరప్రాంతాల శిష్యులు టపాలో గజళ్ళు పంపి దిద్దించుకొనేవారు. ఈ సంప్రదాయం నేడు జన్యుపరిశోధనకు కావలసిన కంప్యూటరు ప్రోగ్రాముల రచనలో సజీవంగా ఉన్నదంటే మా సహాధ్యాపకులు నవ్వవచ్చు. తెలుగు బోధించే మాకు ఆ శాస్త్రంతో ఏమి పని అనీ అడుగవచ్చు.

డి.ఎన్.ఏ. నాలుగే అక్షరాలతో వ్రాసిన గ్రంథం వంటిది. మానవ జీనోములో సుమారు 300 కోట్ల అక్షరాలున్నవి. తాళపత్ర ప్రతులను పక్కపక్కన పెట్టి, ఏ తప్పు ఏ ప్రతినుండి ఏ ప్రతికి దిగివచ్చినదో పరిష్కర్త తేల్చినట్లే, శాస్త్రజ్ఞులు వివిధ జీవుల జన్యువులను పోల్చి వంశవృక్షాలు గీస్తారు. మన ఇళ్ళలో శజరా అంటామే, అదే. ఇది పాఠపరిష్కరణమే కదా! అయితే ఇన్ని అక్షరాలను చేతితో పోల్చటం మానవసాధ్యం కాదు, ప్రోగ్రాములు కావాలి. వానిలో అనేకం విద్యార్థులు వ్రాసినవే.

2005లో గూగుల్ సంస్థ ‘సమ్మర్ ఆఫ్ కోడ్’ అనే పథకం ప్రారంభించింది. విద్యార్థి ఒక ప్రణాళిక పంపుతాడు. ఎంపికైతే వేసవి అంతా మార్గదర్శకుల పర్యవేక్షణలో పనిచేసి భృతి పొందుతాడు. 2022నుండి విద్యార్థులు కానివారికీ ప్రవేశం కల్పించారు. 2009లో అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయపు పరిశోధక విద్యార్థి ఎరిక్ తలెవిచ్ ఈ పథకంలో చేరాడు. జీవుల వంశవృక్షాలను భద్రపరచే ‘ఫైలో ఎక్స్.ఎమ్.ఎల్.’ అనే లిపిని ‘బయోపైథాన్’ అనే ప్రోగ్రాముల భాండాగారం చదువగలిగేట్లు చేయటం అతని పని. మార్గదర్శకులలో ఒకరు ఆ లిపిని రూపొందించినవారే. తాము వ్రాస్తే త్వరగా ముగిసేదేమో! వారు వ్రాయలేదు. శిష్యుడు వ్రాసినది అందరి కంటపడేచోట ఉంచుతాడు, గురువులు చదివి లోపం చూపుతారు, అతడే సరిచేస్తాడు. ఆ పని విస్తరించి 2010లో ‘బయో.ఫైలో’ పేరిట బయోపైథానులో భాగమయింది.

ఈ దిద్దుబాటు ఎంత అవసరమో చెప్పవలసి ఉన్నది. గజలులో ఛందస్సు తప్పితే చెవి పట్టుకుంటుంది. ప్రోగ్రాములో తప్పు దొర్లితే అది ఆగిపోతే మేలే. ఆగకుండా చక్కని అబద్ధాన్ని అచ్చువేయటమే ప్రమాదం. జన్యుసమాచారాన్ని వ్రాసే పద్ధతులలో ‘బెడ్’ అనేది అక్షరాల స్థానాలను సున్నతో మొదలుపెట్టి లెక్కిస్తుంది, ‘జి.ఎఫ్.ఎఫ్.’ ఒకటితో మొదలుపెడుతుంది. ఈ భేదం మరచిన విద్యార్థి ఒక అక్షరం పక్కకు జరుగుతాడు. జన్యువులో మూడేసి అక్షరాలు కలిసి ఒక అమైనో ఆమ్లాన్ని సూచిస్తాయి గనుక, చదవటం ఒక అక్షరం జరిగిన చోటినుండి అర్థమంతా మారిపోతుంది. అందుకే మంచి మార్గదర్శి ముందుగా అడిగేది, జవాబు తెలిసిన చిన్న లెక్కతో ప్రోగ్రామును పరీక్షించావా అని. తప్పు ఎక్కడున్నదో తాను కనిపెట్టినా, వెంటనే చెప్పక ఆ పరీక్ష వ్రాయిస్తాడు.

మేమిట్లు ఓర్చుకొనలేకపోయాము. ఒక ఏడు వ్యాసరచన పోటీకి వెళ్ళే విద్యార్థిని వ్యాసాన్ని, సమయం లేదన్న నెపంతో, మేమే ఆద్యంతం తిరిగి వ్రాసి ఇచ్చాము. ప్రథమ బహుమతి వచ్చింది. ఆ అమ్మాయి మరల కాగితం పట్టుకొని మా గదికి రాలేదు. మేము చదివి సంతకం చేసే ప్రాజెక్టు రికార్డులలో ఎన్ని విద్యార్థులవో, ఎన్ని మరొకరివో అడగటానికి అప్పటినుండి మాకు నోరు రావటం లేదు.

తలెవిచ్ 2013లో అదే పథకంలో తానే మార్గదర్శి అయి, వంశవృక్షాల పనిని మరొక విద్యార్థిచేత ముందుకు నడిపించాడు. మా కళాశాలలో ఈ ఏడు ముగ్గురు బి.ఎస్సీ. విద్యార్థులు ఇటువంటి పని నేర్చుకుంటామని వచ్చారు. జీవశాస్త్రం, కంప్యూటరు శాఖల అధ్యాపకులు ఇద్దరూ వారానికొక సాయంత్రం వారితో కలిసి కూర్చోవటానికి అంగీకరించారు. నాలుగు గంటలకు మూతపడే కంప్యూటరు గదిని ఆ ఒక్క సాయంత్రం మగ్రిబు వేళవరకు తెరచి ఉంచవలసినదిగా పాలకవర్గంవారిని కోరుతున్నాము.