జూకి పిల్లల్ని తీసుకెళ్లే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి

మన యువజన సంఘం పిల్లల్ని హైదరాబాద్‌ నెహ్రూ జూ పార్కుకి తీసుకెళ్లే పని ఇకపై మీది. ఇన్నేళ్లుగా ఆ పని చేసి నేర్చుకున్నవి మీకు అప్పగిస్తున్నాను.

1. పొద్దున్నే వెళ్లండి. సోమవారం జూకి సెలవు. ఎండ ముదిరితే పులులు, సింహాలు నీడ చూసుకుని పడుకుంటాయి. గేటు తీసే వేళకి చేరితేనే వాటి నడక చూడగలరు.

2. అన్నీ చూపించాలని తాపత్రయపడకండి. మీరాలం చెరువు పక్కన 1963లో తెరిచిన ఈ పార్కు 380 ఎకరాలు. పరుగులు పెట్టిస్తే పిల్లలకి కాళ్ల నొప్పులే మిగులుతాయి. నాలుగైదు చోట్లు ఎంచుకుని, ఒక్కోచోట పావుగంట నిలబెట్టండి. కబుర్లు అయిపోయాకే కళ్లు పనిచేస్తాయి. ఏనుగు ఒంటి మీద దుమ్మెందుకు చల్లుకుంటోందని వాళ్లే అడుగుతారు. ఎండ నుంచి, ఈగల నుంచి కాపాడుకోవడానికని అప్పుడు చెబితే ఇక మరిచిపోరు.

3. నిశాచర జంతువుల గదిలోకి వెళ్లేముందే సెల్‌ఫోన్లు జేబుల్లో పెట్టించండి. రాత్రి తిరిగే జంతువులు మనకి కనబడాలని అక్కడ పగటిపూట చీకటి చేస్తారు. చీకటికి అలవాటుపడ్డ కళ్లకి ఫోను వెలుగు హింస. మన కళ్లు కూడా చీకటికి అలవాటుపడేదాకా ఓపిక పట్టాలి.

4. ఏదీ విసరనివ్వకండి. జూ జంతువులకి తిండి పెట్టడం, వాటిని ఏడిపించడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. చట్టంతో పాటు కారణమూ చెప్పండి. ఉప్పు రుచికి జింక మింగిన చిప్స్‌ కవరు దాని కడుపులో అరగదు, ప్రాణం మీదికి తెస్తుంది. తిండే కాదు, మన జబ్బులూ వాటికి ముప్పే. 2021 మేలో ఈ పార్కులోని ఎనిమిది సింహాలకి కరోనా సోకినట్టు తేలింది. మన జబ్బులకి కంచె అడ్డం కాదు. జలుబు, జ్వరం ఉన్న పిల్లల్ని మరోసారి తీసుకెళ్లండి.

5. "ఇవి అడవిలో ఉండాల్సినవి కదా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. మాట దాటేయకండి. అవునని ఒప్పుకుని మూషిక జింక సంగతి చెప్పండి. సుమారు మూడు కిలోలు తూగే ఆ చిన్న ప్రాణిని ఇక్కడ పెంచి, సంతతి పెరిగాక నల్లమలలోని అమ్రాబాద్‌ అడవిలో వదిలారు. బోనులో ఉంచినందుకు జూ తీర్చుకోవలసిన రుణం అదే.

ఆ ప్రశ్న అడిగిన పిల్లనో పిల్లాడినో గుర్తుపెట్టుకోండి. వచ్చే ఏడాది బృందాన్ని నడిపే బాధ్యత వాళ్లకే ఇవ్వండి.