అమ్మకు మామిడి టెంకే ఇష్టమా?

ఈ నెల పేరెంటింగ్ పాఠం: పిల్లలు ఇచ్చే ట్రీట్



ఈ రోజు మీ పిల్లలను ఒక ప్రశ్న అడిగి చూడండి. "అమ్మకు బాగా ఇష్టమైన తిండి ఏంటి? నాన్నకు?" చాలాసార్లు తమకిష్టమైన వంటకం పేరే చెబుతారు. లేదా "ఏమో, తెలీదు" అంటారు.

ఇది వాళ్ల తప్పు కాదు. మామిడిపండు కోసి, చెక్కలన్నీ పిల్లల ప్లేట్లలో వేసి, టెంక తాను తీసుకునే అమ్మను వాళ్లు ఏళ్ల తరబడి చూస్తారు. అమ్మకు టెంకే ఇష్టమనుకుంటారు. "నాకేం వద్దులే, మీరు తినండి" అనే నాన్న మాటను అలాగే నమ్ముతారు.

ఒక చిన్న ప్రయోగం

1997లో బెట్టీ రెపకోలీ, ఆలిసన్ గోప్నిక్ అనే ఇద్దరు పరిశోధకులు పసిపిల్లలతో చేసిన ప్రయోగం ఒకటి ప్రచురించారు. రెండు గిన్నెలు పెట్టారు. ఒకదానిలో బిస్కెట్ల లాంటి క్రాకర్లు, ఇంకోదానిలో పచ్చి బ్రోకలీ. పిల్లల్లో ఎక్కువమందికి క్రాకర్లే ఇష్టం. పరిశోధకురాలు మాత్రం బ్రోకలీ తిని "ఆహా" అన్నట్టు, క్రాకర్ తిని "ఛీ" అన్నట్టు ముఖం పెట్టి, "నాకు కొంచెం పెట్టవా?" అని చేయి చాపింది. 14 నెలల పిల్లలు ఎక్కువగా తమకు నచ్చిన క్రాకర్లే ఇచ్చారు. 18 నెలల పిల్లలు ఆమెకు నచ్చిన బ్రోకలీ ఇచ్చారు.

అంటే ఎదుటివారి ఇష్టం వేరుగా ఉంటుందని గ్రహించే శక్తి ఏడాదిన్నరకే మొదలవుతోంది. ఇక్కడ మనం గమనించాల్సింది ఇంకోటి ఉంది. ఆమె తన ఇష్టాన్ని ముఖంలో చూపించింది, చేయి చాపి అడిగింది. మన ఇళ్లలో పెద్దలు ఈ రెండూ చేయరు.

ఈ నెల ఇంటి యాక్టివిటీ: సీక్రెట్ ట్రీట్

మే రెండో ఆదివారం మదర్స్ డే, జూన్ మూడో ఆదివారం ఫాదర్స్ డే. అమెరికాలో మదర్స్ డే కోసం పట్టుబట్టి, 1914లో దానికి అధికారిక గుర్తింపు వచ్చేలా చేసిన ఆనా జార్విస్, తర్వాత అది కార్డులు, పూల వ్యాపారంగా మారిపోయిందని జీవితాంతం పోరాడారు. కాబట్టి ఆన్‌లైన్‌లో కేక్ ఆర్డర్ చేయడంతో సరిపెట్టుకోవద్దు.

ఇంట్లో ఒక పెద్ద మనిషి పిల్లల పక్షాన చేరాలి. అమ్మకు ట్రీట్ అయితే నాన్న, నాన్నకైతే అమ్మ. అమ్మమ్మ, తాతయ్య, బాబాయి, ఎవరైనా సరే.

1. గమనించడం (ఒక వారం): ఆ మనిషి ఏది రెండోసారి వడ్డించుకున్నారు? ఏ పాట వస్తే సౌండ్ పెంచారు? చిన్నప్పుడు ఏం తినేవారు? అమ్మమ్మకో నానమ్మకో ఫోన్ చేసి అడగమనండి.

2. ప్లాన్ చేయడం: 100 రూపాయల్లో అన్నీ రావాలి. లిస్టు, లెక్క పిల్లలవే.

3. చేయడం: ప్రీ ప్రైమరీ పిల్లలు బొమ్మ గీసి, మంచినీళ్లు అందించవచ్చు. 1 నుంచి 5 తరగతుల వారు పొయ్యి అవసరం లేనివి చేయాలి. ఆ పైవారు పెద్దలు పక్కన ఉండగా టీ, ఉప్మా ప్రయత్నించవచ్చు.

పొయ్యి లేకుండా పల్లీ ఉండలు

వేయించి పొట్టు తీసిన పల్లీలు ఒక కప్పు, తురిమిన బెల్లం ముప్పావు కప్పు, రెండు యాలకులు. మిక్సీ పని పెద్దలది. పల్లీలు, యాలకులు బరకగా తిప్పి, బెల్లం వేసి మరోసారి తిప్పితే పల్లీల నూనెతోనే ముద్ద కడుతుంది. ఉండలు చుట్టడం పిల్లల పని. ఇంట్లో ఎవరికైనా పల్లీలు పడకపోతే ఇది వద్దు. లెక్కల ప్రశ్న: రెండు కప్పుల పల్లీలకు బెల్లం ఎంత?

అందుకునేవారికి నాలుగు సూచనలు

• "నాకెందుకు, చెల్లికి పెట్టు" అనకండి. మొదటి ముద్ద మీరే తినండి.
• "కిచెన్ అంతా ఏం చేశావ్?" అనే మాట ఆ పూటకి ఆపండి. తర్వాత కలిసి తుడవండి.
• వాట్సాప్ స్టేటస్ కోసం ఫోటో తర్వాత. ముందు వాళ్ల ముఖం చూడండి.
• "సూపర్" అని వదిలేయకుండా ఏం నచ్చిందో చెప్పండి: "యాలకుల వాసన భలే ఉంది నాన్నా, నాకిష్టమని నీకెలా తెలిసింది?"

ఆ చివరి ప్రశ్నకు వాళ్లు చెప్పే జవాబే ఈ పాఠానికి మార్కులు.

ఫీజులు, పుస్తకాలు, ట్యూషన్లు, అన్నీ మనం ఇస్తూనే ఉంటాం. తీసుకోవడం మాత్రమే అలవాటైన పిల్లలకు ఇవ్వడం ఎవరు నేర్పాలి? పదో తరగతి అయ్యాక చాలామంది ఇంటర్‌కు హాస్టల్‌కు వెళ్లిపోతారు. ఒకే టేబుల్ దగ్గర కూర్చుని తినే రోజులు మనం అనుకున్నన్ని ఉండవు. ఈ వేసవిలో మామిడిపండు కోసినప్పుడు ఒక చెక్క మీరూ తీసుకోండి. "నాకూ ఇదే ఇష్టం" అని పిల్లల ముందే చెప్పండి.