మన వెబ్‌సైటులో వీడియో కాల్ అమర్చుట

కంబైనల్లూరులో మగ్గము మీదనున్న చీరను బెంగుళూరు కొనుగోలుదారు చూచి బేరమాడుటకు సంఘపు వెబ్‌సైటులోనే వీడియో కాల్ పెట్టుకొనవచ్చును. ఇందుకు వెబ్‌ఆర్‌టిసి అను పద్ధతి గలదు. గూగుల్ సంస్థ దీనిని 2011లో అందరికి విడుదల చేసినది. 2021 జనవరిలో వెబ్ ప్రమాణముగా ఖరారైనది. క్రోము, సఫారి, ఫైర్‌ఫాక్సులలో ఇది ముందే యున్నది గనుక కొనువారు వేరే యాప్ దింపుకొననక్కరలేదు.

మొదట ఒక సర్వరు ఇరువురిని కలుపును. పిదప బొమ్మ, మాట వీలైనంతవరకు రెండు ఫోనుల నడుమ నేరుగా నడచును. (దళారులు కూడ ఇట్లే తప్పుకొనిన బాగుండును!) కాని మొబైల్ నెట్‌వర్కులలో ఒక్కొక్కప్పుడు నేరుదారి దొరకదు. అప్పుడు టర్న్ అను మరొక సర్వరు అంతయు మోసి అందించవలెను. అసలు ఖర్చు ఇక్కడనే. వెబ్‌సైటు చేయువారు ధర తగ్గించుటకు దీనిని వదలెదమన్న ఒప్పుకొనరాదు. ఆఫీసులో చక్కగా పలికిన కాల్ బేరము వేళ మూగబోవును.

ఇక రంగు మాట. చీర వేరు వన్నెగా నున్నదని త్రిప్పి పంపిన నష్టము నేతగానిదే. నెట్ మందగించినప్పుడు బొమ్మ అలుకుకొనిపోవును; ముఖమునకది చాలును, జరీ అంచుకు చాలదు. కదలికకంటె స్పష్టతయే ముఖ్యమని ప్రోగ్రాములో సూచన వ్రాయించవచ్చును, అడిగి వ్రాయించుకొనుడు. ఫోను కెమెరా రంగులను తనంతట సవరించుకొనును గనుక పగటి వెలుతురులో, ప్రక్కన తెల్లనూలు కండె నుంచి, చీరను కదపక చూపవలెను. అయినను పెద్ద ఆర్డరుకు గుడ్డముక్కను టపాలో పంపుటయే మేలని మా అభిప్రాయము.