ఊహకందని సంఖ్య

మన పెట్టెకు నాలుగు అంకెల తాళము ఒకటి ఉన్నదనుకొందము. 0000 మొదలు 9999 వరకు గల పదివేల సంఖ్యలలో దేనితోనైనను దానిని బిగింపవచ్చును. కాని యజమాని తాను పుట్టిన సంవత్సరమునే పెట్టుకొన్నచో దొంగకు పదివేల ప్రయత్నములు అక్కరలేదు, వంద చాలును. లోపము తాళములో లేదు, సంఖ్యను ఎన్నుకొన్న తీరులో ఉన్నది. వెబ్ బ్రౌజరు మన రహస్యములను కాపాడు విధమును గ్రహించుటకు ఈ ఉదాహరణము తోడ్పడునని మా అభిప్రాయము.

సెల్‌ఫోను ద్వారా పరీక్ష రుసుము చెల్లించునప్పుడు గాని, ఉపకారవేతనమునకు దరఖాస్తు పంపునప్పుడు గాని బ్రౌజరు ఒక కొత్త రహస్య సంఖ్యను కల్పించుకొని, దాని సహాయముతో మన సమాచారమును గూఢలిపిలోనికి మార్చును. ఆ సంఖ్య ఇతరుల ఊహకు అందరాదు. అట్టివానిని యాదృచ్ఛిక సంఖ్యలందురు. అయితే కంప్యూటరు నియమబద్ధమైన యంత్రము. ఒక బీజసంఖ్యను తీసుకొని, సూత్రప్రకారము తక్కిన సంఖ్యలను పుట్టించును. బీజము తెలిసినవానికి పంట అంతయు తెలిసినట్లే.

1995లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయమున పరిశోధక విద్యార్థులైన ఇయాన్ గోల్డ్‌బర్గ్, డేవిడ్ వాగ్నర్ అనువారు నాటి ప్రసిద్ధ బ్రౌజరు నెట్‌స్కేప్‌ను పరీక్షించిరి. అది గడియారపు కాలమును, కంప్యూటరు తనలో నడుచు పనులకు ఇచ్చు రెండు వరుస సంఖ్యలను కలిపి బీజముగా వాడుచుండెను. సెకను ఏదో బయటివారు కనిపెట్టగలరు. అదే కంప్యూటరును వాడువారికి ఆ వరుస సంఖ్యలును తెలియును. ఇక తేలవలసినది సెకనులో ఎన్నవ మైక్రోసెకను అన్నది మాత్రమే. అనగా పది లక్షల ప్రయత్నములు. 128 బిట్ల తాళమునకు గల అవకాశములను లెక్కించిన 39 అంకెల సంఖ్య వచ్చును. అంతటి తాళము నిమిషము లోపలనే వీడిపోయెను. పిమ్మట సంస్థ ఆ లోపమును సవరించెను.

2013 ఆగస్టులో ఇట్టి లోపమే ఆండ్రాయిడ్ ఫోనులలో బయటపడెను. యాదృచ్ఛిక సంఖ్యలను పుట్టించు భాగము సరియైన బీజముతో ఆరంభము కాకపోవుటచే, బిట్‌కాయిన్ దాచుకొను కొన్ని యాప్‌ల రహస్యములు వెల్లడియై కొందరి సొమ్ము అపహరింపబడెను. ఇది బ్రౌజరు లోపము కాదు. కాని మూలకారణము ఒక్కటే. గూగుల్ సంస్థ దీనికి సవరణ వెలువరించెను.

వీనివలన మనము నేర్వవలసినవి రెండు. ఫోనునకు వచ్చు భద్రతా సవరణలను ఆలస్యము చేయక స్వీకరించవలెను. ప్రోగ్రాములు వ్రాయు విద్యార్థులు రహస్య సంఖ్యలకై గడియారమును నమ్మక, ఆ పనికై ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఏర్పరచిన సాధనమునే వాడవలెను. తాళపుచెవి పొడవు చూచి నిశ్చింతగా నుండరాదు. అది ఎచ్చట, ఎట్లు తయారైనదో విచారింపవలెను. నెట్‌స్కేప్ విషయములో అట్లు విచారించినవారు విద్యార్థులేయని మన విద్యార్థులు గుర్తుంచుకొందురు గాక!