మల్లరంగం – చిత్రఫలకం

మల్లయుద్ధాన్ని చిత్రించడం చిత్రకారునికి కఠినమైన పరీక్ష. కుస్తీ పట్టిన ఇద్దరి చేతులూ కాళ్లూ పెనవేసుకొని ఉంటాయి. ఏ చేయి ఎవరిదో చూపరికి తెలియాలి. బరువు ఎటు ఒరుగుతున్నదో తెలియాలి. కదలికే ప్రాణమైన క్రీడను కదలని కాగితంపై నిలపాలి. అందుకే చిత్రకారుడు పట్టు బిగిసి, ఫలితం ఇంకా తేలని క్షణాన్ని ఎన్నుకుంటే ఆ చిత్రానికి బిగువు వస్తుంది. అటువంటి చిత్రం ముందు నిలిచినప్పుడు “గెలిచేది ఎవరు?” అన్న ప్రశ్న సహజమే. అయితే “ఈ పోటీ సమానుల మధ్య జరుగుతున్నదా?” అన్న ప్రశ్న మనకు మరింత నేర్పుతుంది.

ఈ ప్రశ్న కొత్తది కాదు. కళ్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు (పాలన 1126–1138) సంస్కృతంలో రచించిన మానసోల్లాసంలో చిత్రలేఖనానికీ, మల్లవినోదానికీ కూడా చోటు లభించింది. అందులో మల్లులను వయస్సు, దేహపరిమాణం, బలాలను బట్టి జ్యేష్ఠికులు, అంతర్జ్యేష్ఠికులు, గోవలులు అని విభజించారు. నేటి కుస్తీపోటీలలో బరువును బట్టి తరగతులు ఏర్పరచడం వెనుక ఉన్న న్యాయదృష్టికి ఇది దగ్గరిది.

ఆ న్యాయం తప్పిన పోటీకి ప్రసిద్ధ ఉదాహరణ భాగవతంలో ఉన్నది. కంసుని మల్లరంగంలో చాణూర ముష్టికులనే మహామల్లులు బాలకులైన కృష్ణబలరాములను ఎదుర్కొంటారు. ఇది అధర్మమని మధురానగర స్త్రీలు వాపోతారు. పహాడీ చిత్రకారులు భాగవత ఘట్టాలను విస్తారంగా చిత్రించారు. అటువంటి చిత్రాలలో కృష్ణుని నీలవర్ణం భక్తికి చిహ్నమే కాదు, పెనుగులాటలో ఎవరి అవయవం ఏదో తెలిపే సాధనం కూడా.

రాజసభలలో జరిగిన కుస్తీని చిత్రించినప్పుడు మరొక విషయం బయటపడుతుంది. 1528 డిసెంబరులో ఆగ్రాలో జరిగిన విందును బాబరు తన ఆత్మకథలో వర్ణించాడు. ఒంటెలు, ఏనుగులు, పొట్టేళ్ల పోరాటాలతో పాటు మల్లుల కుస్తీ కూడా ఆ వేడుకలో భాగం. 1589లో అబ్దుర్ రహీం ఖాన్‌ఖానా ఆ గ్రంథాన్ని పారసీకంలోకి అనువదించిన పిమ్మట, అక్బరు ఆస్థాన చిత్రకారులు దాని ఘట్టాలను చిత్రించారు. జంతువుల పోరాటాల సరసనే మల్లులనూ నిలిపిన ఆ వేడుకను తలచుకొన్నప్పుడు మనకు ఒక సందేహం కలగక మానదు. అక్కడ మల్లుడు గౌరవం పొందిన కళాకారుడా, లేక విందుకు కూర్చిన వినోదమా?

ఈ సందేహానికి విజయనగరం మరొక పార్శ్వాన్ని చూపుతున్నది. హంపీలోని మహానవమి దిబ్బపై చెక్కిన శిల్పపంక్తులలో ఏనుగులు, గుర్రాలు, నర్తకులతో పాటు మల్లులూ ఉన్నారు. అక్కడి ఉత్సవాలలో పళ్లు రాలేంతటి దెబ్బలు పడేవని పోర్చుగీసు యాత్రికుడు పేయస్ వ్రాశాడు. శ్రీకృష్ణదేవరాయలు వేకువనే ఒంటికి నూనె పట్టించి, కత్తి సాము చేసి, తన మల్లులలో ఒకరితో కుస్తీ పట్టేవాడని కూడా ఆయనే తెలిపాడు. చూసే ప్రభువు తానే బరిలోకి దిగిన చోట మల్లుడు వినోదవస్తువుగా మిగలడు, జోడీదారు అవుతాడు.

మన మాటలలోనూ ఈ జోడీ కనిపిస్తుంది. ‘మల్లుడు’ సంస్కృతం నుండి, ‘కుస్తీ’, ‘పహిల్వాన్’ పారసీకం నుండి వచ్చాయి. ‘పట్టు’ అచ్చతెలుగు. మూడూ తెలుగువాని నోట ఒకే గోదాలో కలిసి మెలగుతున్నాయి. కుస్తీ ఒక్కడు ఆడగలిగే ఆట కాదు. ఎదుటివాని బలమే మన బలానికి కొలత. ఎదుటివానిని తక్కువ చేసి చూపిన చిత్రం విజేతనూ తక్కువ చేస్తుంది.

విద్యార్థులకు అభ్యాసం: మల్లయుద్ధ చిత్రం ఒకదానిని ఎదుట ఉంచుకోండి. మొదట చేతులను చూసి పట్టును గుర్తించండి. తరువాత పాదాలను చూసి బరువు ఎవరి మీద ఉన్నదో చెప్పండి. చివరకు ప్రేక్షకుల ముఖాలను చూడండి. వారు మల్లులను మనుషులుగా చూస్తున్నారా, వినోదంగా చూస్తున్నారా? మీ సమాధానాన్ని పది వాక్యాలలో వ్రాయండి.