ఫిట్స్ మాత్రలు వాడుతూ ఉద్యోగం నిలబెట్టుకోవడం

ఫిట్స్ అదుపులోకి వచ్చాయి, పని మాత్రం మునుపటిలా సాగడం లేదు. లెక్క కూడటానికి రెట్టింపు సమయం పడుతోంది. నోటిదాకా వచ్చిన మాట బయటికి రాదు. సూపర్‌వైజర్ నాలుగు పనులు చెబితే రెండే గుర్తుంటున్నాయి. ఈ స్థితిలో కొందరు ఎవరికీ చెప్పకుండా నెట్టుకొస్తారు, కొందరు మాత్రలు మానేస్తారు. రెండూ తప్పే, రెండోది మరీ ప్రమాదం. ఉన్నట్టుండి మానితే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి తేవచ్చు.

ముందు మీ మాత్ర సంగతి తెలుసుకోండి. మెదడులో అతిగా రేగే విద్యుత్తును అణచడమే దాని పని. ఆ క్రమంలో చురుకుదనమూ కొంత తగ్గవచ్చు. గార్డినాల్ మత్తు, మందకొడితనం తెస్తుంది. టోపిరమేట్‌తో మాట తట్టదు, ధ్యాస నిలవదు. ఫెనిటాయిన్ మోతాదు ఎక్కువైతే నడక తూలుతుంది. లెవెటిరాసెటమ్ ఆలోచనను పెద్దగా తగ్గించదు, కొందరిలో చిరాకు, కోపం పెంచుతుంది. లామోట్రిజిన్‌తో మతిమరుపు బాధ తక్కువ. అయితే దాన్ని మెల్లగా పెంచాలి, ఒంటిమీద దద్దుర్లు వస్తే వెంటనే డాక్టరును కలవాలి. మందుల సంఖ్య, మోతాదు పెరిగేకొద్దీ మందకొడితనమూ పెరుగుతుంది.

ప్రొద్దుటూరులో బంగారం అంగడి గుమాస్తా ఒకరున్నారనుకోండి. టోపిరమేట్ పెంచినప్పటి నుంచి బిల్లుల్లో అంకెలు తప్పుతున్నాయి. బంగారం వ్యాపారంలో అలాంటి తప్పు అజాగ్రత్తగా కనబడుతుంది, ఒక్కోసారి దొంగతనమన్న అనుమానం దాకా పోతుంది. ఆయన చేయాల్సింది ఒక నోట్‌బుక్ పెట్టుకోవడం. మోతాదు మారిన తేదీ, మాత్ర వేసుకున్న వేళ, తప్పు జరిగిన వేళ, ముందు రాత్రి నిద్ర, ఈ నాలుగూ రాయాలి. "మతిమరుపొస్తోంది సార్" అంటే డాక్టరుకు తెలిసేది కొంచెమే. "మోతాదు పెంచిన వారం నుంచి మధ్యాహ్నం దాకా అంకెలు తప్పుతున్నాయి" అంటే ఆయన మోతాదు తగ్గించవచ్చు, ఎక్కువ భాగం రాత్రికి మార్చవచ్చు, మందే మార్చవచ్చు. అది కుదిరేదాకా ప్రతి బిల్లునూ ఇంకొకరితో సరిచూపించుకోవాలి.

నేరం ప్రతిసారీ మాత్రదే కాదు. నిద్రలేమి, దిగులు, బయటికి తెలియని చిన్న ఫిట్స్ కూడా బుర్రను మందగింపజేస్తాయి. కార్బమజెపైన్, ఆక్స్‌కార్బజెపైన్ వాడేవాళ్లకు రక్తంలో సోడియం తగ్గవచ్చు. పరీక్ష చేయించమని అడగండి.

ప్రమాదకరమైన పనుల సంగతి వేరు. ఉదాహరణకు, వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం గని భూగర్భంలో ఉంది. గని కార్మికులకు పనిలో చేరేముందు ఒకసారి, తర్వాత నిర్ణీత వ్యవధిలో వైద్య పరీక్ష జరగాలి. అక్కడ ఫిట్స్ సంగతి దాచొద్దు. భూగర్భంలో యంత్రం పక్కన ఒక్క క్షణం స్పృహ తప్పితే మీతోపాటు పక్కవాడికీ ముప్పే. చెబితే ఉపరితలం మీద స్టోర్సో, ఆఫీసు పనో దొరుకుతుందన్న హామీ లేదు. అందుకే ఉత్త చేతులతో వెళ్లకండి. ఏ పని చేయగలరు, ఏది చేయకూడదు అన్నది న్యూరాలజిస్టుతో రాయించుకుని వెళ్లండి. డ్రైవింగ్ లైసెన్సు ఫారం 1లోనూ మూర్ఛ ఉందా అని సూటిగా అడుగుతారు. బండి మీద ఆధారపడకుండా బస్సు దొరికే షిఫ్టు అడగండి. నిద్ర చెడితే ఫిట్స్ తిరగబెడతాయి కాబట్టి నైట్ షిఫ్టు తప్పించమనడం న్యాయమైన కోరికే.

మరికొన్ని జాగ్రత్తలు. ఒక పూట మరిచిపోతే మరుసటి పూట రెండు మింగకండి. మెడికల్ షాపులో కంపెనీ మార్చి ఇస్తే డాక్టరును అడగందే తీసుకోకండి. జలుబు మాత్రల మత్తు ఫిట్స్ మాత్రల మత్తుకు తోడవుతుంది. మద్యం వద్దు. వాల్‌ప్రోయేట్ వాడే ఆడవాళ్లు గర్భం అనుకునే ముందే డాక్టరుతో మాట్లాడాలి, సొంతంగా ఆపకూడదు.

ఆఫీసులో అందరికీ చెప్పక్కర్లేదు. పై అధికారికి, పక్కన పనిచేసే ఒకరికి చెబితే చాలు. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలనీ, నోట్లో ఏమీ పెట్టకూడదనీ, చేతిలో తాళాలు పెడితే ఆగవనీ, ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలనీ ఆ ఒక్కరికి నేర్పండి.

మందు మార్చే నిర్ణయం డాక్టరుది. దానికి కావలసిన సమాచారం మీ దగ్గరే ఉంది. ఈ రోజు నుంచే రాయడం మొదలుపెట్టండి.