అండమాన్ బురదలో కార్బన్ ఖజానా

పోర్ట్ బ్లెయిర్‌లోని అబర్డీన్ బజార్‌ దుకాణాల్లో వెలిగే దీపాలకు కరెంటు ఎక్కువగా డీజిల్ జనరేటర్ల నుంచే వస్తుంది. ఆ పొగలోని కార్బన్ డయాక్సైడ్‌ను గాలిలోంచి తిరిగి లాగేసే యంత్రాలు ప్రపంచంలో లేకపోలేదు. కానీ వాటికీ బోలెడంత కరెంటు కావాలి. డీజిల్ కాల్చి వాటిని నడపడమంటే ఒక చేత్తో తోడి మరో చేత్తో పోసినట్టే!

ఈ దీవుల్లో ఆ పని మడ అడవులు చేస్తున్నాయి. 2021 అటవీ నివేదిక ప్రకారం ఇక్కడ వాటి విస్తీర్ణం 616 చదరపు కిలోమీటర్లు. ఖజానా మాత్రం చెట్లలో కన్నా వేళ్ల కింది బురదలోనే ఎక్కువ. అక్కడ ఆక్సిజన్ అందదు కనుక రాలిన ఆకులు, చచ్చిన వేళ్లు త్వరగా కుళ్లవు. వాటిలోని కార్బన్ వందల ఏళ్లు నిలుస్తుంది. 2023లో కేంద్రం మడ అడవుల పెంపకానికి 'మిష్టీ' పథకం ప్రకటించింది.

అయితే మొక్కల లెక్క ఒక్కటే చాలదు, నేల ఎత్తునూ కొలవాలి. 2004 డిసెంబరు 26 భూకంపంలో ఉత్తర అండమాన్ తీరం పైకి లేచి, పోటునీరు అందక మడచెట్లు ఎండిపోయాయి. బురద ఆరితే లోపలి కార్బన్ మళ్లీ గాలిలో కలుస్తుంది. నికోబార్‌లో నేల కుంగి చెట్లు మునిగిపోయాయి. పోర్ట్ బ్లెయిర్ దగ్గర కూడా నేల సుమారు మీటరు కుంగి, సిప్పీఘాట్ వరిపొలాల్లోకి ఉప్పునీరు చేరింది. అలా ఉప్పునీరు నిలిచిన దక్షిణ అండమాన్ నేలల్లో కొన్నిచోట్ల మడమొక్కలు, ఎవరూ నాటకుండానే, వాటంతట అవే మొలిచాయి.